లీమా పది నిమిషాలే

విశాఖపట్నం నుంచి పెరూ రాజధాని లీమాకి విమానం వెళ్ళే దారి దాదాపు పద్దెనిమిది వేల కిలోమీటర్లు. భూగోళం మీద ఒక ఊరి నుంచి అంతకన్నా దూరం పోదామన్నా పెద్దగా మిగలదు. ఇంకొంచెం ముందుకు సాగితే మళ్ళీ ఇంటివైపు వస్తున్నట్టే. ఎక్కడా దిగకుండా ఎగిరే పెద్ద విమానాలు వచ్చాక కూడా ఆ ప్రయాణానికి ఇరవై గంటలు పట్టేది.

ఆ దారిన ఎక్కువగా తిరిగేది రొయ్యల వ్యాపారానికి చెందిన మనుషులు. పెరూ సముద్రంలో పట్టిన చిన్న చేపల్ని ఎండబెట్టి, పొడి చేసి, ఇక్కడి రొయ్యల చెరువులకు మేతగా తెస్తారు. ఆ పొడి మంచిదో కాదో చూసి రమ్మని మేత కంపెనీలు తమ మనుషుల్ని అక్కడికి పంపుతాయి. డాక్టర్ గొర్లె హిమజ తమ్ముడి భార్య ఝాన్సీది అదే ఉద్యోగం. ఏడాదికి మూడు నాలుగు సార్లు లీమా వెళ్ళి, గోదాముల్లో పొడిని పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, నమూనాలు కట్టించుకుని తిరిగొచ్చేది.

"అక్కడ పని రెండు రోజులే వదినా," అనేది వచ్చిన ప్రతిసారీ. "దారే చంపేస్తంది. కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టవు. ఉన్న సినిమాలన్నీ అయిపోతాయి, కిందకి చూస్తే ఇంకా సముద్రమే. ఇంట్లో పిల్ల ఏడుస్తంటాదేమో అని తల్చుకుంటా కూర్చోడం తప్ప ఏటుంది చెప్పు? నువ్వేదో చేస్తన్నావు కదా, అదేదో బేగి చేద్దూ."

హిమజ చేస్తున్నది అదే. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రయోగశాలలో ఎనిమిదేళ్ళుగా ఆమె ఒకే విషయం మీద పనిచేస్తోంది. గడియారం చూడకుండానే మనిషికి కాలం గడుస్తున్నట్టు ఎలా తెలుస్తుంది? మెదడులో ఆ లెక్క ఎక్కడ సాగుతుంది? దాన్ని కాసేపు ఆపితే ఏమవుతుంది? తూర్పుతీరం అనే విమాన సంస్థకి ఆ మూడో ప్రశ్న నచ్చింది. విమానాన్ని ఇంతకన్నా వేగంగా నడపడం తమ వల్ల కాదు, లోపల కూర్చున్నవాడికి వేగంగా వెళ్ళినట్టు అనిపిస్తే చాలు అన్నారు. ప్రయోగశాలని వాళ్ళే నిలబెట్టారు.

చివరికి తయారైంది ఒక కుర్చీ. తల ఆనించే చోట మెత్తటి పట్టీ, అందులోంచి మెడ వెనక్కి తగిలీ తగలనట్టు చిన్న విద్యుత్తు. ప్రయోగశాలలో అందరూ దాన్ని కునుకు కుర్చీ అనేవాళ్ళు గానీ అది నిద్ర కాదు. అందులో కూర్చున్న మనిషి కళ్ళు తెరిచే ఉంటాడు. నీళ్ళిస్తే తాగుతాడు, అన్నం పెడితే తింటాడు. లేచి రమ్మంటే లేచి నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. కానీ కాలం పోతున్న సంగతి అతనికి తెలియదు. దిగేటప్పుడు అడిగితే ఓ పది నిమిషాలై ఉంటుందంటాడు.

మొదటి పరీక్షా ప్రయాణానికి హిమజ తనే కూర్చుంది. తనతోపాటు ఒప్పుకున్న కొద్దిమందిలో ఝాన్సీ ఒకతి. కాఫీ కప్పు మీద పొగ చూస్తూ హిమజ ఒకసారి కళ్ళు ఆర్పింది. ఇంకోసారి ఆర్పేసరికి కప్పు లేదు. కిటికీ బయట లీమా మీద తడి బూడిదరంగు మబ్బు కమ్ముకుని ఉంది. పక్క కుర్చీలోంచి ఝాన్సీ ఆమె భుజం మీద చరిచింది.

"వదినా! ఇంకా బెల్టు సరిగ్గా పెట్టుకోనేలేదు, వచ్చీసేం!"

విమానమంతా చప్పట్లు మోగాయి. అనుమతి ఒక్క ప్రయాణానికే కాబట్టి తిరిగి రావడం మామూలు కుర్చీల్లో. ఆ ఇరవై గంటలూ నడుం నొప్పితో ఒత్తిగిలుతూ, ఇక ఇది ఎవరూ పడక్కర్లేదని హిమజ సంతోషపడింది. తూర్పుతీరం వాళ్ళు అప్పటికే ప్రకటన రాయించేశారు. 'లీమా పది నిమిషాలే.'

* * *

ప్రయాణికుల సర్వీసు మొదలవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక ఉదయం హిమజకి తమ్ముడు జగదీష్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఓసారి ఇంటికి రాగలవా? మోక్ష మంచం మీంచి పడింది."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"దానికేం కాలేదు. చిన్న బొప్పి కట్టింది, ఆడుకుంటంది. ఝాన్సీయే... నువ్వొచ్చి చూడక్కా."

మద్దిలపాలెంలో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళేసరికి ఝాన్సీ పడగ్గదిలో గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. రెండేళ్ళ మోక్ష నుదుటి మీద బొప్పితో, ప్లాస్టిక్ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటోంది. ఝాన్సీ చూపు పిల్ల మీంచి కదలడం లేదు, చెయ్యి మాత్రం పిల్ల వైపు చాపడం లేదు. మంచం పక్కన స్టూలు మీద ఒక ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

జగదీష్ పిల్లని ఎత్తుకుని హాల్లోకి వెళ్ళాడు. అప్పుడు ఝాన్సీ నోరు విప్పింది. ఆ గొంతు చాలా దూరం నడిచొచ్చిన మనిషి గొంతులా ఉంది.

"పడతంది వదినా. అలా పడతానే ఉంది. అరుద్దామంటే నోరు రాలేదు. పరిగెడదామంటే కాలు లేవలేదు. కళ్ళు పక్కకి తిప్పడం కూడా నా వల్ల కాలేదు. దాని తల కిందకి, కాళ్ళు పైకి. నేలకీ తలకీ మధ్య జానెడుంటుంది, అంతే. అది నాకేసే చూస్తంది."

"ఎంతసేపు?"

"తెలీదు. అంకెలు లెక్కపెట్టేను, మధ్యలో వదిలీసేను. చిన్నప్పుడు నేర్చుకున్న పద్యాలు చదువుకున్నాను. పిల్ల పోయిందనుకుని మనసులోనే ఏడ్చీసేను, ఏడుపు కూడా అయిపోయింది. అయినా అది ఇంకా నేలకి తగల్లేదు." ఝాన్సీ గొంతు తగ్గించింది. "ఇది ఎవరికీ చెప్పకు వదినా. ఆఖరికి నాకేటనిపించిందో తెలుసా? పడిపోతే బాగుణ్ణు అనిపించింది. బేగి పడిపోవే తల్లీ, అనుకున్నాను. కన్నతల్లి అనుకోవలసిన మాటేనా?"

హిమజ ఆమె చెయ్యి పట్టుకుంది. భయం వేసినప్పుడు క్షణం సాగినట్టు ఉంటుందని, అందరికీ ఉండేదేనని చెప్పబోయింది. ఝాన్సీ తల అడ్డంగా ఊపి ఫ్యాను వైపు చూపించింది.

"మాది కాలిపోయిందని పొద్దున్నే పక్కింటోళ్ళది తెచ్చి పెట్టేడు మీ తమ్ముడు. పెట్టిన దగ్గర్నుంచి అది తిరుగుతానే ఉంది, నేను దాని దగ్గరికే పోలేదు. కానీ దాని రెక్క ఒకటి విరిగితే ఎంసీల్ పెట్టి అతికేరు. ఆ అతుకు మీద ఎవరిదో వేలిముద్ర అచ్చు పడిపోయింది, బొటనవేలు, అడ్డంగా. పిల్ల వెనకాలే ఉంది మరి. చూస్తా ఉన్నాను."

మంచినీళ్ళు తాగి వస్తానని ఝాన్సీ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. గదిలో హిమజ ఒక్కతే మిగిలింది. చాలాసేపు ఆ ఫ్యాను కేసి చూసింది. తిరుగుతున్నంతసేపూ అది ఒక తెల్లటి చక్రం, అంతే. రెక్కలెన్నో కూడా తెలియడం లేదు. ఆమె వంగి స్విచ్చి నొక్కింది. చక్రం నెమ్మదించి, రెక్కలు విడివడి, ఆగాయి. ఒక రెక్క అంచున బూడిదరంగు అతుకు, దాని మీద అడ్డంగా ఒక బొటనవేలి ముద్ర ఉన్నాయి.

హిమజకి మొత్తం అర్థమైపోయింది. ఆ ఇరవై గంటలూ ఎక్కడికీ పోలేదు. కుర్చీ వాటిని తుడిచెయ్యలేదు, లోపల అణిచిపెట్టిందంతే. గుండె జల్లుమన్న మొదటి క్షణంలో అవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి, ఆ క్షణంలోకి దిగిపోయాయి. కూతురు నేలకి జానెడు ఎత్తులో ఆగిపోతే, ఝాన్సీ ఒక పగలూ ఒక రాత్రీ చూస్తూ నిలబడింది.

ఆమె మళ్ళీ స్విచ్చి నొక్కింది. ఫ్యాను తిరిగింది.

ఝాన్సీ వచ్చాక ఆమెకి నిద్రమాత్రలు రాసిచ్చింది. "భయం వల్లేనమ్మా. మెదడు అలాంటి గారడీలు చేస్తుంది. నాలుగు రోజులు బాగా నిద్రపో, తగ్గిపోతుంది," అంది. తన గొంతు ఎంత మామూలుగా ఉందో తనకే వినిపించింది.

ఝాన్సీ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "సరే వదినా," అంది.

* * *

ఆ మూడు వారాల్లో ఎవరికైనా చెప్పడానికి హిమజకి ఎన్నో అవకాశాలు వచ్చాయి. ప్రతిసారీ తనకి తాను ఒక కారణం చెప్పుకుంది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. పరీక్షలు చేసి చూడాలి, దానికి సమయం కావాలి. ఇప్పుడు ఆపితే ఎనిమిదేళ్ళ పని, ప్రయోగశాలలో మనుషుల బతుకు, అంతా నీళ్ళపాలు. ప్రారంభమయ్యాక నెమ్మదిగా చూద్దాం. ఇలా అనుకున్న ప్రతిసారీ ఆ బొటనవేలి ముద్ర కళ్ళ ముందుకొచ్చేది. ఆమె వెంటనే ఏదో ఒక పనిలో పడేది.

ప్రారంభం రోజు విమానాశ్రయంలో బంతిపూల తోరణాలు కట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. ఒక విలేకరి మైకు ముందుకి పెట్టి అడిగాడు. "మేడమ్, పరీక్షలో కూర్చున్నవాళ్ళకి ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?"

"ఇంతవరకూ అలాంటిదేమీ మా దృష్టికి రాలేదండి," అంది హిమజ.

ఆ మాట అంటున్నప్పుడే, మైకు వెనకాల నిలబడ్డ జగదీష్ కనిపించాడు. కొత్త చొక్కా వేసుకుని, అక్కని చూసి మురిసిపోతూ ఉన్నాడు. తర్వాత దగ్గరికొచ్చి మిఠాయి అందుకుంటూ చెప్పాడు. "ఝాన్సీ రాలేకపోయిందక్కా. నిద్ర పట్టటం లేదు. పిల్లని ఎత్తుకోవటం లేదు. మంచాలన్నీ తీయించీసి అందరం కిందే పడుకుంటన్నాం. ఉద్యోగం కూడా మానీసింది. నీ మాత్రలు పనిచేసినట్టు లేవు."

"తగ్గుతుందిలేరా," అంది హిమజ. తమ్ముడు ఆ మాట నమ్మాడు. అతను నమ్మినందుకు ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత ఆమె ఆ ఇంటికి వెళ్ళడం మానేసింది. జగదీష్ ఫోన్ మోగితే మీటింగులో ఉన్నానని మెసేజీ పెట్టేది. సర్వీసు నిండుగా నడుస్తోంది. లీమాలో దిగినవాళ్ళు నవ్వుతూ ఫొటోలు పెడుతున్నారు. అద్దంలో తల దువ్వుకునేటప్పుడు హిమజ పాపిడి మాత్రమే చూసుకునేది, కళ్ళలోకి చూసుకునేది కాదు.

* * *

రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకి పలాస నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన పేరు బెహరా కూర్మారావు, జీడిపప్పు వ్యాపారి. సరుకు బేరం కోసం లీమా వెళ్ళొచ్చాడు. ఇప్పుడు దవడ మీద చెయ్యి పెట్టుకుని, ఎవరైనా గ్లాసు కింద పెట్టినా ఉలిక్కిపడుతూ కూర్చున్నాడు. మాట్లాడిందంతా ఆయన భార్య సీతామాలక్ష్మే.

"పన్ను పీకించుకోడానికెళ్ళేరమ్మా. మత్తు సరిగ్గా ఎక్కనట్టుంది. అయినా ఒక్క లాగుడికే ఊడొచ్చీసిందని డాక్టరుబాబు చెప్పేడు. ఈయన చూస్తే పగలూ రాత్రీ పీకుతానే ఉన్నారంటన్నారు. ఊళ్ళో అందరూ నవ్వుతన్నారు, మా పిల్లలు కూడా నవ్వేరు. మా ఆయన అబద్ధాలాడే మనిషి కాదమ్మా. ఆ విమానం కుర్చీలో కూర్చున్నాకే ఇలాగైందేమో అని నాకు అనుమానం. ఇంకెవరికైనా ఇలాగ అయిందా?"

హిమజ ఉన్నది చెప్పెయ్యాలని నోరు తెరిచింది కూడా. "కనుక్కుంటానండి," అని మాత్రం వచ్చింది.

సీతామాలక్ష్మి లేచి, సంచిలోంచి జీడిపప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. హిమజ రెండు చేతులూ పట్టుకుంది. "ఇన్నాళ్ళకి మీరొక్కరే నవ్వలేదమ్మా," అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక హిమజ ఆ పొట్లాన్ని ముట్టుకోలేకపోయింది. లేచి నేరుగా తూర్పుతీరం సంస్థ అధిపతి శేషగిరి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన పెద్ద మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇద్దరికే కదా హిమజ గారూ."

"ఇద్దరి సంగతి తెలిసింది సర్. మిగతావాళ్ళకి ఇంకా రాలేదు. అందరి లోపలా ఉంది. నా లోపల కూడా ఉంది."

"అందరికీ పన్ను పీకేటప్పుడే రావాలని ఏముంది? మంచి క్షణంలో రావచ్చుగా. పిల్లాడు పుట్టినప్పుడో, పెళ్ళిలోనో."

"ఏ క్షణంలో వస్తుందో చెప్పలేం సర్. రోడ్డు మీద ఉండగా వస్తే? ఎవరైనా చనిపోతుండగా వస్తే?"

ఆయన చాలా మెల్లగా అడిగాడు. "మొదటిది మీకెప్పుడు తెలిసింది?"

హిమజ తల వంచుకుంది. "ప్రారంభానికి మూడు వారాల ముందు."

"అంటే, ఆ రోజు మైకు ముందు..." ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అయితే ఇది బయట చెప్పలేని స్థితిలో ఉన్నది నేను కాదు, మీరే. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. సోమవారం మాట్లాడుకుందాం."

ఆయన బెదిరించలేదు. ఉన్న మాటే అన్నాడు. మెట్లు దిగుతుంటే హిమజకి తన అడుగుల చప్పుడు కూడా ఎవరైనా వింటారేమోననిపించింది.

* * *

ఆ రాత్రి ఎలాగో గడిపి, మర్నాడు మధ్యాహ్నం ఆమె మద్దిలపాలెం వెళ్ళింది. జగదీష్ ఆఫీసుకి పోయాడు. ఝాన్సీ హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కొంచెం దూరంలో పరుపు మీద మోక్ష పడుకుని ఉంది. ఝాన్సీ చిక్కిపోయింది. హిమజని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. చాప మీద కొంచెం పక్కకి జరిగింది.

హిమజ ఎదురుగా కూర్చుంది. దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది, అవేవీ గుర్తు రాలేదు.

"ఝాన్సీ, ఆ రోజు నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు నేను ఫ్యాను ఆపి చూశాను. నువ్వు చెప్పినట్టే అతుకుంది. దాని మీద వేలిముద్ర ఉంది. నీకు జరిగింది భయం కాదు. అది నా కుర్చీ చేసిన పని. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు."

ఆఖరి మాట నోట్లోంచి వెళ్ళడం, గుండె జల్లుమనడం ఒకేసారి జరిగాయి. అంతటితో ప్రపంచం ఆగిపోయింది.

వీధిలో ఆటో హారను సాగి సాగి సన్నటి ఝుమ్మనే మోతగా మారి నిలిచిపోయింది. ఝాన్సీ చేతిలో సగం తుంచిన చిక్కుడుకాయ అలాగే ఉంది. ఆమె ముఖం హిమజ ముఖానికి బారెడు దూరంలో, పెదాలు కొంచెం విడివడి, కళ్ళు సూటిగా చూస్తూ ఉండిపోయింది. హిమజ కళ్ళు దించుకోవాలనుకుంది. దించుకోలేకపోయింది.

ఇదేమిటో ఆమెకి తెలుసు. ఇరవై గంటలకి అయిపోతుందనీ తెలుసు. ఆ సంగతి తోచగానే మొదటి సిగ్గు కలిగింది. ఝాన్సీకి అది కూడా తెలియదు కదా! ఇది ఎప్పటికైనా అయిపోతుందని ఝాన్సీకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అయిపోయాక కూడా చెప్పలేదు.

మొదట్లో ఆమె ఆ ముఖంలో కోపం కోసం వెతికింది. కోపం ఉంటే భరించడం తేలిక అనుకుంది. కనుబొమ్మల దగ్గర చూసింది, పెదాల చివర చూసింది. తర్వాత ఆశ్చర్యం కోసం వెతికింది. ఇంత పెద్ద మాట విన్న మనిషి ముఖంలో ఎక్కడో ఒకచోట అది ఉండాలి కదా. మామూలుగా అయితే ఆ క్షణం ఇట్టే దాటిపోయేది, ఆమె గమనించేదే కాదు. ఇప్పుడు ఆ ముఖంలో చూడని గీత మిగల్లేదు. ఎంత వెతికినా ఆశ్చర్యం లేదు. ఉన్నది అలసట. ఎవరైనా వస్తారని ఎదురుచూసి ఎదురుచూసి, ఇప్పటికైనా వచ్చావా అనుకునే మనిషి అలసట.

ఝాన్సీకి ముందే తెలుసు. ఆ మాట హిమజకి నెమ్మదిగా తెలిసింది, తెలిశాక దాన్నుంచి తప్పించుకుని పోవడానికి వేరే చోటు లేకపోయింది. అక్క అని మురిసిన తమ్ముడు, చేతులు పట్టుకున్న సీతామాలక్ష్మి, మైకు ముందు తన గొంతు, అన్నీ వచ్చి ఆ ముఖం మీద వాలి, పోయి, మళ్ళీ వచ్చాయి. అరుద్దామంటే నోరు లేదు. ఏడుద్దామంటే కన్నీరు కదలదు. ఒక దశలో ఆమెకి గట్టిగా ఒకటే కోరిక మిగిలింది. ఏదో ఒకటి అయిపోతే బాగుణ్ణు. ఆ చిక్కుడుకాయ తెగిపోతే బాగుణ్ణు. ఝాన్సీ చెంప మీద కొడితే బాగుణ్ణు. ఈ ఇల్లు నెత్తిన కూలిపోయినా, పరుపు మీద పిల్లకి ఏమైపోయినా సరే, ఇది కదిలితే చాలు.

తను ఏమనుకుందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత కూడా చాలాసేపు ఆ ముఖం అలాగే ఉంది.

చిక్కుడుకాయ టప్పున తెగింది. ఆటో హారను వీధి చివరికి పోయింది.

"తెలుసు వదినా," అంది ఝాన్సీ. "వంటింట్లోకి వినపడింది. ఫ్యాను ఆగిన చప్పుడు విన్నాను. మళ్ళీ తిరిగిన చప్పుడూ విన్నాను. అప్పుడు నువ్వు ఏటి చెప్తావో అని గదిలోకి వచ్చి చూస్తే..."

హిమజ పక్కకి ఒరిగిపోయింది. ఝాన్సీ చేట పక్కకి తోసి ఆమెని పట్టుకుంది. ఒక్క చూపుకే ఆమెకి తెలిసిపోయింది.

"ఇప్పుడా? నీకు ఇప్పుడొచ్చిందా?"

హిమజ తల ఊపింది.

"అంతసేపూ ఏటి చూసేవు?"

"నిన్నే."

ఝాన్సీ లేచి నీళ్ళు తెచ్చి తాగించింది. గ్లాసు తన చేత్తోనే పట్టుకుంది.

"నేనూ కోరుకున్నాను ఝాన్సీ. అయిపోతే చాలు, ఎవరికేమైనా పరవాలేదని. పిల్లకేమైనా సరే అనుకున్నాను. అలా ఆగిపోయిన చోట ఎవరైనా అదే కోరుకుంటారు. నువ్వు కోరుకున్నది మోక్ష పడిపోవాలని కాదమ్మా. అది అయిపోవాలని, అంతే."

ఝాన్సీ గ్లాసు కింద పెట్టింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్ల లేస్తుందన్న భయంతో చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. హిమజ చెయ్యి వెయ్యబోతే తోసేసింది.

"మూడు నెలలు వదినా. కూతురు చావాలనుకున్న దాన్నని, దాన్ని ముట్టుకోడానికి నా చేతులు రాలేదు. ఈ ఒక్కమాట ఆ రోజు చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

హిమజ క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగితే ఝాన్సీ మీద ఇంకో బరువు పెట్టినట్టే అనిపించింది.

కాసేపటికి ఝాన్సీ ముఖం తుడుచుకుంది. "ఈ రోజు విమానం ఉందా?"

"ఉంది. నాలుగింటికి."

"అందులో ఎక్కేవాళ్ళకి తెలుసా?"

"తెలియదు."

"మరి ఇక్కడ కూర్చుని ఏటి చేస్తన్నావు? లే."

ఝాన్సీ హిమజని ఒక చేత్తో లేపి గోడకి ఆనించింది. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి, పరుపు మీంచి నిద్రపోతున్న పిల్లని ఎత్తి భుజాన వేసుకుని, చెప్పుల కోసం వెతుక్కుంది. తను ఏం చేసిందో ఆమె గమనించుకోలేదు. హిమజ గమనించింది, గమనించనట్టు తలుపు తీసింది.

* * *

విమానాశ్రయంలో లీమా వెళ్ళేవాళ్ళ వరస ఆ వేళకి తలుపు దగ్గర్నుంచి కౌంటర్ల దాకా సాగి ఉంది. కౌంటరు అమ్మాయి హిమజని చూసి చిరునవ్వుతో లేచి నిలబడింది. "మేడమ్, మీరా! చెప్పండి."

హిమజ ఆమెతో ఏమీ చెప్పలేదు. వరస ముందుకెళ్ళి నిలబడి, గట్టిగా మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో, ఆ గంటలు ఎక్కడికి పోతాయో, ఎప్పుడు తిరిగొస్తాయో చెప్పింది. పేర్లు చెప్పకుండా పలాస పెద్దమనిషికి జరిగింది చెప్పింది. పిల్ల పడుతుండగా చూసిన తల్లి సంగతి దగ్గర ఆగి ఝాన్సీ వైపు చూసింది. "నాకేనండి," అంది ఝాన్సీ, అందరికీ వినపడేలా.

ముందు కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. సెక్యూరిటీ మనిషి దగ్గరికొచ్చి, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ నిలబడిపోయాడు. హిమజ సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది. కొందరు విసుక్కుంటూ ముందుకు కదిలారు. ఒక జంట మాత్రం తూకానికి పెట్టిన పెట్టెల్ని వెనక్కి లాక్కుంది.

వరస మధ్యలోంచి ఒక నడివయసు మనిషి బయటికొచ్చాడు. "నేను పోయిన నెల కూడా వెళ్ళేనండి. వెళ్ళడం, రావడం రెండూ అందులోనే. మరి నాకు ఎప్పుడొస్తాది?"

"తెలియదండి," అంది హిమజ.

"రాకుండా మందేదైనా ఉందా?"

"ఇంతవరకూ లేదండి. ఈ రోజు నుంచి అదే వెతుకుతాను. దొరుకుతుందని చెప్పలేను. వచ్చినప్పుడు మాత్రం, అది అయిపోతుందని గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి, వాళ్ళు మిమ్మల్ని నమ్ముతారు."

ఆయన చేతిలో టికెట్టు నలిగిపోయింది. "ఇంతకీ మీరెవరమ్మా?"

"ఆ కుర్చీ చేసింది నేనేనండి."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి సర్వీసు ఎగరక ముందే."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

చుట్టూ మనుషులు దగ్గరికి జరిగారు. హిమజకి నేల చూపులు చూడాలనిపించింది. కానీ ఆయన జవాబు కోసం చూస్తున్నాడు, ఆయన వెనకాల మరొకరు, వాళ్ళ వెనకాల మరో నలుగురు చూస్తున్నారు. ఆమె తలెత్తి ముందు ఆయన కళ్ళలోకే చూసింది.

"మొదట్లో నా పేరు పోతుందని చెప్పలేదండి," అంది. "తర్వాత, చెప్పలేదన్న సిగ్గుతో చెప్పలేదు."

ఆయన వెనకున్న ఆవిడ ముందుకొచ్చింది. "మా అబ్బాయి మొన్న ఆదివారమే వెళ్ళేడమ్మా," అని మొదలుపెట్టింది. హిమజ ఆవిడ వైపు తిరిగింది.